తోమి తోమి వదులైన తుపాకీ

తునికిగూడెంలో రామారావులు ఇద్దరు. ఒకాయనకు వరికోత మిషను ఉంది కాబట్టి ఆయన మిషను రామారావు. రెండో ఆయన అసలు పేరు వెంకటరామారావు, ఆయనకు తుపాకీ ఉంది కాబట్టి తుపాకీ రామారావు. మిషను రామారావు మిషను ఏడాదికి రెండు పంటలకూ పొలాలన్నీ తిరిగి దుమ్ము లేపుతుంది. తుపాకీ రామారావు తుపాకీ మాత్రం ఆయన పుట్టినప్పటి నుంచి ఒక్కసారి పేలిన పాపాన పోలేదు. అయినా ఊళ్లో మర్యాద దేనికెక్కువ అంటే తుపాకీకే. పనిచేసేదానికి ఎవరు దండం పెడతారు లెండి!

ఆ తుపాకీ ఆయన తాతగారిది. కృష్ణా జిల్లా నుంచి బండ్లు కట్టుకుని ఈ అడవి అంచుకు వచ్చిన రోజుల్లో, మిలటరీ వాళ్లు వేలం వేసిన పాత సామానులో దాన్ని పాడుకున్నాడట. తెల్లదొరల కాలం నాటి సిపాయి తుపాకీ. నిలబెడితే మనిషి భుజం దాకా వస్తుంది. మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు జారవిడిచి, కడ్డీతో కూరాలి. పంటల కాపలాకని దానికి లైసెన్సు కూడా ఉంది. తాతగారు దాంతో దుమ్ముగూడెం దారిలో పులిని కొట్టాడని ఇంట్లో చెప్పుకుంటారు. రామారావు తల్లి బుల్లెమ్మ చెబితే ఆ పులి మంచమంత పొడవు. రామారావు పెళ్లి భోజనాల దగ్గర చెబితే ఎడ్లబండంత.

తాతగారి తర్వాత ఆ తుపాకీకి మిగిలినవి రెండే పనులు. ఒకటి ఎన్నికలు. సర్పంచి ఎన్నికలైనా, అసెంబ్లీ అయినా, పార్లమెంటు అయినా, లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాల్సిందే కదా. అందుకని అది పుట్టింటికి పోయినట్టు పోయి వస్తూ ఉంటుంది. రెండోది దసరా. ఆయుధపూజకు ముందు రోజు బుల్లెమ్మ పెరట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. కోడలు నాగలత ఇటుకపొడి జల్లెడ పడుతుంది. చింతపండు పిసికి, అందులో ఇటుకపొడి కలిపి, పొడుగాటి కర్రకు కొబ్బరిపీచు చుట్టి, రామారావు చేత గొట్టం లోపల తోమిస్తారు. పైపైన కాదు, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా. "అమ్మవారు తొంగి చూస్తే లోపల మొహం కనపడాల్రా" అంటుంది బుల్లెమ్మ. ఆవిడ ఆ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడాది నుంచి ఒక్క దసరా కూడా తప్పలేదు. అంతకు ముందు ఆవిడ అత్తగారు తోమించేదట.

ఇలా హాయిగా గడిచిపోతున్న తుపాకీ బతుకులోకి అడవిపందులు వచ్చి పడ్డాయి.

ఈ ఏడు అవి మరీ బరితెగించాయి. కంకి పాలు పట్టిందంటే చాలు, సాయంత్రం చీకటి ముసురుకునే వేళకు మందకు మంద దిగుతాయి. తిన్నది తిని, తిననిది తొక్కి, తొక్కనిదాని మీద పొర్లి పోతాయి. అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది సోమ్లి. ఊరి పక్క తండా మనిషి. రామారావు దగ్గరే రెండెకరాలు కౌలుకు తీసుకుని మొక్కజొన్న వేసింది, సరిగ్గా అడవికి ఆనుకున్న ముక్క. భర్త మంగీలాల్ పాల్వంచలో వాచ్‌మన్ పని చేస్తూ షిఫ్టులు కుదిరినప్పుడు బస్సెక్కి వస్తాడు. దుక్కి నుంచి కోత దాకా ఆమె ఒక్కతే. పోయినేడు పందులు ఆమెకు గింజ మిగల్చలేదు.

"ఈసారి గిట్ల పోయిందంటే చేను ఇడిసిపెడ్త" అని ఆమె ఊరందరి ముందు చెప్పింది. "పాల్వంచల కిరాయి రూముకు పోయి మెస్సుల గిన్నెలు తోముకుంట. ఇగ నా తోని గాదు."

ఏడుస్తూ చెప్పలేదు. ఏడ్చి చెప్పి ఉంటే ఓదార్చి ఊరుకునేవాళ్లు. ఎండలో నిలబడి, కొంగు నడుముకు దోపుకుని, మామూలుగా చెప్పింది. చిన్నప్పటి నుంచీ మట్టిలో మసిలిన మనిషి ఆమె. చేను వదిలి గదిలో కూర్చోవడమంటే ఆమెకు ప్రాణం పోవడమే, అది వినేవాళ్లందరికీ తెలుసు.

పంచాయతీ దగ్గర మీటింగు పెడితే అటవీశాఖ ఆయన వచ్చాడు. పంటలు పాడుచేసే పందుల్ని కొట్టడానికి రూలు ప్రకారం అనుమతి ఇప్పిస్తానన్నాడు. కాకపోతే లైసెన్సు తుపాకీ ఉన్న మనిషే కొట్టాలన్నాడు. ఆ మాటతో ఊరి తలకాయలన్నీ ఒక్కసారి రామారావు వైపు తిరిగాయి.

"ఓస్, అదెంత పని!" అన్నాడు రామారావు. "సోమ్లీ, కంకి గట్టిపడేదాకా నీ చేలో పంది అడుగు పెట్టదు. నాదీ పూచీ. నువ్వు నిశ్చింతగా నిద్రపో తల్లీ."

ఆ మాట నోరు అనేసింది. మనసు ఆ తర్వాత విన్నది. ఇంటికి వచ్చి పడక్కుర్చీలో కూలబడి, తుపాకీ అప్పుడే పేలినట్టు రెండు చెవులూ మూసుకున్నాడు. ఎందుకంటే రామారావుకు తుపాకీ పేల్చడమంటే చచ్చేంత భయం. దీపావళికి చిచ్చుబుడ్డి కూడా నాగలతే వెలిగిస్తుంది. ఈ సంగతి నాగలతకు తప్ప ఎవరికీ తెలియదు, బుల్లెమ్మకు అసలే తెలియదు.

మర్నాడు తాతగారి తోలుసంచిలో గుండ్లు తీసి, డాబా మీద ఎండబెట్టిన మిరపకాయల పక్కన నిలబడి, మందు లేకుండా ఉత్తి గుండు వేసి చూశాడు. గుండు జర్రున దిగింది. మంచె మీద కూర్చుని పందిని కొట్టాలంటే తుపాకీ కిందికి వంచాలి కదా అని మూతి వంచాడు. గుండు అంతే జర్రున వెనక్కి వచ్చి ఆయన బొటనవేలి మీద పడి, మిరపకాయల్లోకి దొర్లిపోయింది. ఇంకోటి వేశాడు. అదీ అంతే. పేల్చకముందే దిగిపోయే గుండుతో పందిని ఏం చేయాలి? బతిమాలాలి.

"గుండ్లు ఎండిపోయి ఉంటాయిరా" అంది బుల్లెమ్మ. "ఎన్నేళ్ల నాటివి! కాసేపు నీళ్లలో నానబెట్టు."

రామారావు బీకాం చదివాడు. అయినా ఆ సీసపు గుండ్లను చెంబులో నానబెట్టాడు. అమ్మ మాట కాదనడం ఆ ఇంట్లో ఆచారం లేదు.

నానిన గుండ్లు కూడా జారిపోయాక, మూతి కొలత పట్టుకుని ఖమ్మంలో తుపాకుల షాపుకు పోవాలనుకున్నాడు. కొలత ఎలా తీసుకోవాలి? నాగలత అరిసెలకు పాకం పడుతుంటే ఆలోచన వచ్చింది. మూతిలో కాస్త లోపలికి గుడ్డ కుక్కి, దాని మీద ముదురు పాకం పోసి, గట్టిపడ్డాక ఊడదీసి, అచ్చు కుదిరిందని మురిసిపోయి, పేపర్లో చుట్టుకుని బస్సెక్కాడు. ఎండకు బస్సు కాలిపోతోంది. షాపులో పొట్లం విప్పేసరికి అచ్చు కాస్తా అప్పడమై, చుట్టూ చీమలు పట్టి ఉన్నాయి.

"ప్రసాదమా సార్? ఏ గుడిది?" అని షాపాయన భక్తిగా ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.

"అది... మా తుపాకీ మూతి అండీ" అన్నాడు రామారావు.

షాపాయన మంచివాడు కాబట్టి మింగేశాడు. తుపాకీనే తెమ్మన్నాడు. వారం తిరక్కుండా రామారావు దాన్ని బుల్లెమ్మ పాత చీరలో చుట్టి, లైసెన్సు జేబులో పెట్టుకుని మళ్లీ ఖమ్మం పోయాడు. షాపాయన దాని మూతిలో ఏవో ఇత్తడి కడ్డీలు పెట్టి చూసి, లైసెన్సు చూసి, మళ్లీ మూతి చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"లైసెన్సుల రాసిన సైజు వేరు, ఇది వేరు సార్. ముసలితనంల మనుషులు కుంచించుకపోతరు. మీ తుపాకీ ఏందో లావైంది. ఎట్ల తుడుస్తరు దీన్ని?"

రామారావు గర్వంగా చెప్పాడు. ఇటుకపొడి, చింతపండు, కొబ్బరిపీచు, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, తాతల నాటి నుంచీ, ఒక్క దసరా తప్పకుండా. వింటూ వింటూ షాపాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ తుపాకీ మీద గౌరవంతో లేచాడో, బుల్లెమ్మ మీద భయంతో లేచాడో చెప్పలేం.

"లోపల మరమేకు లెక్క మెలి గీతలుండేవి సార్, గుండును పట్టుకునేటందుకు. అన్నీ తోమి పారేసిన్రు. ఇప్పుడిది నున్నటి నీళ్ల పైపు. మీ ఇంట్ల భక్తి ఎక్కువైన కొద్దీ తుపాకీ వదులైంది." ఆయన రెండు గుండ్లు బల్ల మీద పెట్టాడు. "ఈ సైజు జారిపోతది. దీని మీది సైజు అసలు పట్టదు. నడుమ సైజు దొరకదు. ఎవరితోనన్న పోత పోయించుకోవాలె."

ఇంటికి వచ్చి చెబితే బుల్లెమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. "తోమకపోతే తుప్పు పట్టేది. తుప్పుకంటే వదులు నయం" అంది. ఆవిడ పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

సరే, పోత పోసేవాళ్లను వెతకాలి. రామారావు భద్రాచలం బజారుకు పోయి, ఇత్తడి సామాన్ల కొట్టులో నిలబడి, "తుపాకీకి గుండ్లు పోసేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అని గట్టిగా అడిగాడు. అన్నలు తిరిగే అడవి పక్క ఊళ్లలో అడగాల్సిన ప్రశ్నేనా అది! కొట్టువాడు జవాబు చెప్పకుండా షట్టరు దించాడు. పక్క కొట్టువాడు ఎందుకో తెలియకుండానే తనదీ దించాడు. పది నిమిషాల్లో ఆ వీధి బందు పాటించింది. మరో పది నిమిషాల్లో రామారావు స్టేషన్లో ఉన్నాడు.

ఎస్సై ఈయన్ని గుర్తుపట్టలేదు గానీ తుపాకీ సంగతి చెప్పగానే గుర్తుపట్టాడు. "ఓ, ఆ పొడుగు తుపాకీ మీదేనా! ప్రతి ఎలక్షన్‌కి మా బీరువాలో పట్టక తలుపు తెరిచే పెట్టుకుంటాం" అని టీ తెప్పించాడు. పంపించేటప్పుడు ఒక సలహా కూడా ఇచ్చాడు. "బజార్లలో అడక్కండి సార్. మీ ఊళ్లోనే, పదిమందిలో చూసుకోండి. చాటుగా చేస్తే అనుమానం, అందరి ముందూ చేస్తే పండగ."

అది పండగే అయింది.

ఇచ్చిన మాట ప్రకారం రామారావు రోజూ సాయంత్రం తుపాకీ పట్టుకుని సోమ్లి చేను గట్టున కూర్చోవడం మొదలుపెట్టాడు. గుండు లేకపోతేనేం, తుపాకీ అయినా కనపడాలి కదా. ఎస్సై చెప్పాడని ఊళ్లో అందరితో గుండు కావాలని కూడా చెప్పాడు. దాంతో ఎవరికి గుండ్రంగా ఏది దొరికితే అది పట్టుకుని చేను దగ్గరికి రావడం మొదలైంది. మిషను రామారావు తన మిషను బేరింగుల్లోంచి గోళీలు తెచ్చాడు. తండా పెద్ద చందూలాల్ ఎప్పటిదో కాశీ నుంచి తెచ్చిన రుద్రాక్ష తెచ్చాడు. కిరాణా కొట్టు పిచ్చయ్య మొదటి రోజు ఎండు వక్క తెచ్చాడు. రెండో రోజు ఆయుర్వేదం గుళిక తెచ్చాడు. మూడో రోజు అవేవీ కాదని మిరపకాయ బజ్జీల పొయ్యి తెచ్చాడు. ఆ పొయ్యి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

పద్ధతి కూడా దానంతటదే ఏర్పడింది. తెచ్చినవాడు తెచ్చిన వస్తువు పైకెత్తి అందరికీ చూపాలి. రామారావు దాన్ని మూతిలో వేయాలి. లోపల పట్టకపోతే అందరూ "పట్టలే!" అని అరవాలి. పట్టి, మూతి వంచగానే కింద పడితే "జారింది!" అని ఇంకా గట్టిగా అరవాలి. పందేలు కాసేవాళ్లు కాసేవాళ్లే. ఆడవాళ్లు మొక్కజొన్న గట్టునే కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకునేవాళ్లు. సోమ్లి మూడు రాళ్లు పెట్టి టీ కాచేది. చీకటి బాగా ముదిరి, టార్చిలైట్లు వేసుకుని, తిట్టుకుంటూ నవ్వుకుంటూ అందరూ ఇళ్లకు పోయేవాళ్లు.

రామారావుకు ఆ రోజులు బతుకులోకెల్లా సుఖమైన రోజులు. వేసిన ప్రతి వస్తువూ జారి పడినప్పుడల్లా ఆయన పైకి "ఛ!" అనేవాడు, లోపల ఊపిరి పీల్చుకునేవాడు. గుండు దొరకనంతసేపూ ఆయన పులిని కొట్టిన వంశంవాడే. దొరికిందా, పేల్చాలి.

ఆ దొరకడమనే ఆపద దుమ్ముగూడెం నుంచి మోటారు సైకిల్ మీద వచ్చింది. దాని పేరు ముత్యాలు. గోదావరిలో చేపలు పట్టి ఊరూరా అమ్ముతాడు. వలకు కట్టే సీసపు గుండ్లు తనే పోసుకుంటాడు. ఇంతమంది ఇన్ని వస్తువులు తెస్తుంటే తనను ఒక్కమాట అడగలేదని అతనికి రోషం వచ్చింది.

"సీసం పని నాది. రుద్రాక్షలు ఏస్తరా తుపాకిల? తెలివిలేని పని!" అని మూతికి పుల్ల పెట్టి కొలత తీసుకుపోయాడు. అతని అచ్చు మట్టిది. గుండు బయటికి తీయాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకని ఒకటి పోసినట్టు ఇంకోటి రాదు. మొదట తెచ్చింది పట్టలేదు. తర్వాత తెచ్చింది జారింది. ఆ తర్వాతది రామారావు మూతిలో వేస్తే మెత్తగా, మర్యాదగా లోపలికి దిగింది. మూతి వంచాడు. పడలేదు. ఇంకా వంచాడు. పడలేదు. తుపాకీని తలకిందులు చేసి దులిపాడు. అప్పటికీ పడలేదు.

ఇలాంటప్పుడు ఏమని అరవాలో పద్ధతిలో లేదు. అందుకని ఈలలు వేశారు. ముత్యాలును భుజాల మీదికి ఎత్తారు. తుపాకీ మూతిని మంచె కొయ్యకు గట్టిగా తాటించి తాటించి ఆ గుండు బయటికి తీసి రామారావు అరచేతిలో పెట్టారు. కబురు తెలిసి ఇంటి దగ్గర బుల్లెమ్మ కొబ్బరికాయ కొట్టింది.

"ఇగ రేపు ఎవరూ రావద్దు" అన్నాడు చందూలాల్. "చప్పుడుంటే పందులు రావు. పందులు రాకుంటే ఎట్ల కొడతడు? పొయ్యి గూడ వద్దు పిచ్చయ్యా."

మర్నాడు సాయంత్రం మంచె మీద రామారావు, సోమ్లి ఇద్దరే ఉన్నారు. ఖమ్మం షాపు నుంచి రసీదుతో తెచ్చిన మందు డబ్బా పక్కన ఉంది. గుండు ఆయన పిడికిట్లో ఉంది. ఊరు ఊరంతా నోరు మూసుకుని ఇళ్లలో కూర్చుని చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంది. మసక పడుతుండగా పందులు వచ్చాయి. చాలా రోజులకు అత్తారింటికి వచ్చిన అల్లుళ్లలాగా నింపాదిగా, పిల్లాజెల్లాతో వచ్చాయి. దంట్లు ఫటఫట విరుగుతున్నాయి.

"కొట్టన్నా" అంది సోమ్లి గుసగుసగా. "జల్దీ."

రామారావు మందు పోయబోతే సగం గడ్డిలో పడింది. రెండోసారి ప్రయత్నిస్తే డబ్బాయే జారిపోయింది. వెతగ్గా వెతగ్గా గుండు సరిపోయింది, మనిషే సరిపోలేదు. సిగ్గుతో ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా వల్ల కాదు సోమ్లీ" అన్నాడు. "నేనెప్పుడూ దీన్ని పేల్చలేదు. నాకు భయం. మా నాన్న కూడా పేల్చలేదు. తాత పేల్చాడో లేదో కూడా నాకు తెలియదు."

సోమ్లి ఆయన వంక ఒక్కసారి చూసింది. మంచె దిగి, చేలో పడున్న ఖాళీ రేకు డబ్బా తీసుకుని, బండతో బాదుతూ, తమ భాషలో తిట్లు లంకించుకుని పందుల మీదికి పోయింది. రామారావు కూడా తువ్వాలు ఊపుతూ, కేకలు పెడుతూ వెనకే పరుగెత్తాడు. ఇద్దరే కాబట్టి పందులు పెద్దగా లెక్కచేయలేదు. కడుపు నిండాక, అడవి వైపు సాళ్లు కొన్ని నేలమట్టం చేసి పోయాయి.

విరిగిన దంట్ల మధ్య సోమ్లి కూలబడింది. పాలుగారుతున్న కంకి ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఇన్ని దినాలు ఒక్క పంది రాలే అన్నా. ఇయ్యాల అందర్నీ ఇంటికాడ ఉండమంటే వచ్చినయి. ఆ గుండు దొరకకుంటేనే మంచిగ ఉండె."

రామారావు అప్పటిదాకా ఆ మాట ఆలోచించలేదు. "కంకి గట్టిపడడానికి ఇంకెన్నాళ్లు?"

"పది దినాలు."

"అయితే రేపటి నుంచి అందర్నీ కాపలాకు రమ్మందాం."

సోమ్లి నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే ఆమె తిట్టినా బాగుండు అనిపించింది ఆయనకు. "ఒకరి చేను కాపలాకు ఎవరొస్తరన్నా? తమాషా అయితే పిలవకున్నా వస్తరు. గుండు దొరికె, తమాషా అయిపాయె."

తెల్లవారాక రామారావు పంపుసెట్టు దగ్గరికి పోయాడు. సిమెంటు తొట్టి అంచు గరుగ్గా ఉంటుంది. చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ముత్యాలు పోసిన గుండును ఆ అంచు మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. ఆగి ఆగి రుద్దాడు. తాతగారి పులి, తండ్రి పరువు, పెళ్లి భోజనాల్లో తను చెప్పిన కోతలు అన్నీ ఆ గుండుతో పాటే అరిగిపోతున్నట్టు అనిపించి రెండుసార్లు మానుకుని లేచాడు. లేచి, అక్కడి నుంచి కనపడుతున్న చేను చూసి మళ్లీ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఊరంతా చేను దగ్గరికి వచ్చింది. రాత్రి చప్పుడు వినపడకపోతే ఎందుకు రారు! కొడుకు ఘనకార్యం కళ్లారా చూడాలని బుల్లెమ్మ కూడా ఆటో మాట్లాడుకుని వచ్చింది. ఆవిడకు గట్టున కుర్చీ వేశారు.

"గుండు సరిపోలేదు" అన్నాడు రామారావు.

ముత్యాలు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "అందరి ముందల పట్టింది గద! నా పనికి వంకలు పెట్టకు పెద్దయ్యా!"

"నీ పనికి వంక లేదు ముత్యాలూ. తప్పంతా మా తుపాకీదే. ఇదుగో, చూడు."

గుండు మూతిలో వేశాడు. వంచాడు. గుండు జర్రున వచ్చి ఆయన కాలి మీద పడి దొర్లింది. "జారింది!" అన్న కేకకు చెట్ల మీది కొంగలు లేచాయి. జనం విరగబడి నవ్వారు.

"మరి మీ తాత పులిని దేంతోని కొట్టిండయ్యా?" అన్నాడు మిషను రామారావు కడుపు పట్టుకుని. "పిచ్చయ్య వక్కతోనా?"

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. ఇన్నేళ్లుగా తుపాకీకి పెట్టిన దండాలన్నీ వడ్డీతో సహా వెనక్కి తీసుకుంటున్నట్టు నవ్వారు. రామారావు తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరెంత నవ్వినా పరవాలేదు గానీ, తల్లి మొహం చూడడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

దొర్లిన గుండు బుల్లెమ్మ కుర్చీ దగ్గర ఆగింది. ఆవిడ వంగి తీసుకుంది. వేళ్ల మధ్య తిప్పి తడిమింది. అరవయ్యేళ్లుగా తోమించిన చేయి అది. తోమిన వస్తువేదో, తోమనిదేదో చూడనక్కర్లేకుండానే తెలుస్తుంది. తలెత్తి కొడుకు చేతులు చూసింది. సీసం మసి గోళ్లలోకి దిగి నల్లగా ఉన్నాయి. ఆ తర్వాత అడవి వైపు పడిపోయిన సాళ్లు చూసింది.

"పందులు ఈ సాళ్లెప్పుడు తొక్కాయే సోమ్లీ?"

"నిన్ననమ్మా" అంది సోమ్లి తల ఎత్తకుండా. "ఎవ్వరూ రాలే గద, అప్పుడు."

బుల్లెమ్మ గుండును రొండిన దోపుకుంది. కుర్చీ చేతులు ఊతంగా పట్టుకుని లేచి నిలబడింది.

"మా మామగారు పులిని కొట్టలేదు" అంది అందరికీ వినపడేట్టు. "ముసలి పులి, వాగు పక్కన దానంతటదే చచ్చి పడుంది. ఆయన పోయి దాని మీద కాలు పెట్టి నిలబడ్డాడు. ఈ తుపాకీ మా ఇంట్లో ఎవరూ ఏనాడూ పేల్చలేదు."

నవ్వు ఆగిపోయింది. మిషను రామారావు కడుపు మీంచి చేయి తీశాడు. రామారావు తల్లి వంక చూశాడు. ఆవిడ ఆయన వంక చూడలేదు.

"గుడ్లప్పగించి చూస్తారేంటి? సరైన గుండు ఇంకా దొరకలేదుగా! ఎవరెవరు ఏం తెచ్చారో బయటికి తియ్యండి. పిచ్చయ్యా, పొయ్యి వెలిగించు నాయనా. రేపట్నుంచి నేనూ వస్తా."

జేబుల్లో చేతులు కదిలాయి. ముత్యాలు రేపు ఇంకో అచ్చు కడతానని ఒట్టు పెట్టుకుని, బజ్జీ ఒకటి తీసుకున్నాడు. అప్పుడు సోమ్లి గుంపులోంచి ముందుకు వచ్చింది. ఇన్ని రోజుల్లోనూ ఆమె ఏమీ తేలేదు. కొంగు ముడి విప్పి, పిడికెడు లావున్న ఉల్లిగడ్డ తీసి, పద్ధతి ప్రకారం అందరికీ పైకెత్తి చూపింది.

"ముందు నాది చూడన్నా" అంది.

రామారావు రెండు చేతులా ఆ ఉల్లిగడ్డ అందుకున్నాడు. తుపాకీ మూతి మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి, అటూ ఇటూ తిప్పి, ఎంతో శ్రద్ధగా చూశాడు.

"కాస్త పెద్దదయిందమ్మా" అన్నాడు. "రేపు ఇంకోటి తే."

"పట్టలే!" అని ఊరంతా అరిచింది.